మందు తిండి కాదు

ఆ వేసవిలో శనివారం నాడు మా నాన్న నోట్లోకి వెళ్ళినవి రెండే: ఒక ఉద్ధరిణెడు తీర్థం, ఒక షుగరు బిళ్ళ. తీర్థం పోసేది నాన్నమ్మ. బిళ్ళ చేతిలో పెట్టేదీ నాన్నమ్మే. "మందు తిండి కాదురా, వేసుకో," అనేది. నాన్న కళ్ళు మూసుకుని మింగేవాడు. ఆ తర్వాత సాయంత్రం దీపం పెట్టేదాకా ఆయన నాలుకకు తడి తగలకూడదు.

ఆ ఉపవాసం నా కోసం మొక్కుకున్న మొక్కు. అదే నాకు ఇప్పటికీ మంట.

చలి వెనకబట్టే రోజుల్లో నా కడుపులో అపెండిక్స్ పగిలింది. ఆసుపత్రి లోపల నన్ను ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టిన వేళ, బయట వరండాలో నాన్నమ్మ ఇంటి దేవుడికి మొక్కుకుంది. మనవరాలు లేచి తిరిగితే తన కొడుకు తొమ్మిది శనివారాలు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఉపవాసం ఉంటాడని. తన కొడుకు. ఎనిమిదేళ్ళుగా షుగరున్న కొడుకు. మొక్కిన నోరు ఒకరిది, మాడే కడుపు ఇంకొకరిది. నేను లేచి తిరిగాను. దేవుడు తన వంతు చేసేశాడు కాబట్టి ఇక నాన్న వంతు అన్నారు.

ఆ వంతు వచ్చి యూనిఫారాల కాలంలో పడింది. మాది కుట్టుపని ఇల్లు. బడులు తెరిచే ముందు ఏడు వారాలు మా ముందుగదికి ఊపిరి ఆడదు. మధ్యలో కటింగ్ బల్ల, కిటికీ పక్కన రెండు మిషన్లు, గోడ పొడవునా నీలం తానులు, తెల్ల తానులు. నాన్న కటింగ్ మాస్టారు. వీధిలో అందరూ మాస్టారనే పిలిచేవారు. బడిపంతులనుకుని పిల్లల లెక్కల సంగతి అడిగినవాళ్ళూ ఉన్నారు. ముప్పై పొరల గుడ్డ ఒకదాని మీద ఒకటి పరిచి, పై పొర మీద సుద్దతో గీసి, కరెంటు కత్తిని ఆ గీత వెంట నడిపించేవాడు. నడక సరిగా ఉంటే ఒక్క గీతకు ముప్పై చొక్కాలు. గీత తప్పినా ముప్పయ్యే. అమ్మ కాలర్లు, కాజాలు చూసుకునేది. నేను పక్కలు, చేతులు కుట్టేదాన్ని. నాన్నమ్మ దారాలు తెంపి మడతలు పెట్టేది. చేయి ఖాళీ అయినప్పుడల్లా మా మీద పెత్తనం చేసేది.

మొదటి శనివారం ఏమీ కాలేదు. అదే మా ఖర్మ. ఆ రోజే ఏదైనా జరిగి ఉంటే అందరం భయపడి ఉండేవాళ్ళం. ఏమీ జరగకపోవడంతో ధైర్యం వచ్చింది. ఆ ధైర్యానికి భక్తి అని పేరు పెట్టుకున్నాం.

రెండో శనివారం మధ్యాహ్నం నాన్న ఒకే గుడ్డను మూడుసార్లు కొలిచాడు. మూడోసారి టేపు తీసి నేలకేసి కొట్టాడు.

"ఈ టేపు ఎవరు మార్చారు?"

అమ్మ మిషను ఆపింది. "ఎవరు మారుస్తారండీ? నిన్నటి టేపే."

"అంకెలు కదులుతున్నాయి. కనపడట్లా మీకు? అందరూ కళ్ళు ఎక్కడ పెట్టుకుని కూర్చున్నారు?"

నాన్న కోపం మాకు అలవాటు లేదు. గొంతు పెంచడం రాని మనిషి ఆయన. వీధిలోకి కేకేయాల్సి వస్తే అమ్మను పంపేవాడు. అందుకే ఆ అరుపు మాకు వింతగా తోచి నవ్వాం. అమ్మా నవ్వింది, నేనూ నవ్వాను. ఆయన చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. "ఎండాకాలం కదా, చెమట పట్టదూ," అంది అమ్మ. "ఉపవాసం ఉన్నవాడికి కోపం వస్తుంది. దేవుడు పరీక్ష పెడుతున్నాడు," అంది నాన్నమ్మ. ఎండ అన్నాం, దేవుడు అన్నాం. పొద్దున్నే ఖాళీ కడుపులో పడిన బిళ్ళ సంగతి మాత్రం ఒక్కరమూ అనలేదు.

మూడో శనివారం నేను సొరుగులో బాబిన్ల కింద పడి ఉన్న షుగరు మిషను తీశాను. పొడిచే సూది, చుక్క పెట్టే పట్టీలు, అన్నీ ఉన్నాయి.

"చేయి ఇవ్వు నాన్నా. ఒకసారి చూద్దాం."

నాన్న చేయి చాచాడు కూడా. నాన్నమ్మ మడతపెడుతున్న చొక్కా వదిలేసి లేచింది.

"ఏమే, నీకు బుద్ధుందా? ఉపవాసం ఉన్నవాడి ఒంట్లోంచి నెత్తురు తీస్తావా? మైల కాదూ?"

"ఒక్క చుక్క నాన్నమ్మా."

"చుక్కయినా నెత్తురే. పాలకుండలో ఒక్క చుక్కే కదా అని విషం వేస్తావా?"

నాన్న చేయి వెనక్కి తీసుకున్నాడు. "వద్దులే అమ్మలూ. సాయంత్రం తిన్నాక చూసుకుందాం," అన్నాడు. అన్నట్టే సాయంత్రం దీపం పెట్టాక, పొద్దుటి ఆకలంతా కలిపి ఆవురావురుమని తిన్నాక చూశాం. రెండు వందల నలభై. నాన్నమ్మ ముఖం వెలిగిపోయింది. "చూశావా? ఇంతసేపు కడుపు మాడ్చుకున్నా తగ్గలేదు. వాడికి ఉపవాసం మంచిదే," అంది. అమ్మ తలూపింది. నేనూ నమ్మాను. ఇది రాస్తుంటే నా మీద నేనే పళ్ళు కొరుక్కుంటున్నాను. పన్నెండో తరగతి దాకా చదువుకున్నాను. చొక్కా కొలత తిన్నాక తీసినా తినకముందు తీసినా ఒకటే. నెత్తురు కొలత అలా కాదని నాకు తట్టలేదు.

పడదోసే బిళ్ళకు మడి అడ్డం రాలేదు. నిలబెట్టే చక్కెరకు మాత్రం మడి అడ్డం వచ్చింది. నిజం చెప్పగల నెత్తుటి చుక్కకు మైల అంటింది. మా ఇంట్లో ఆ వేసవి నడిచిన ధర్మం ఇది.

నాలుగో శనివారం పదకొండు గంటల వేళ. నేను తల వంచుకుని చేతులు కుడుతున్నాను. కత్తి చప్పుడు మారింది. గీత వెంట నడిచే కత్తికి ఒక శ్రుతి ఉంటుంది. అది తెగి, ఇష్టమొచ్చినట్టు అరుస్తోంది. తలెత్తాను. చంక వంపు దగ్గర తిరగాల్సిన కత్తి తిరగలేదు. గీత దాటి ఛాతీ భాగంలోకి అడ్డంగా నడిచిపోతోంది. గుడ్డను అదిమి పట్టుకున్న నాన్న ఎడమచేయి దానికి ఎదురుగా ఉంది. అంగుళం దూరం.

"నాన్నా!"

ఆయనకు వినపడలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. అమ్మ కాజాల మిషను దగ్గర్నుంచి ఒక్క దూకు దూకి గోడకున్న తీగ పీకేసింది. కత్తి ఆగింది. నాన్న మాత్రం ఆగలేదు; చచ్చిన కత్తిని ఇంకా ముందుకు తోస్తున్నాడు. తర్వాత మా వైపు తిరిగి నవ్వాడు. తప్పిపోయిన పిల్లాడు దారిన పోయేవాళ్ళను చూసి నవ్వే నవ్వు.

"గీత ఏది? ఇక్కడ గీత ఉండాలి కదా?"

చేతులు వణుకుతున్నాయి. ముఖం మీది చెమట పొరల మీదికి కారుతోంది. నేను వంటింట్లోకి పరుగెత్తాను. గ్లాసులో నాలుగు చెంచాల చక్కెర, నీళ్ళు. గడపలో నాన్నమ్మ చేతులు అడ్డం పెట్టి నిలబడింది.

"వద్దే. సగం దాకా వచ్చాం. చెడగొట్టకు. వాడికేం కాదు, దేవుడున్నాడు."

నేను నాన్నమ్మను నెట్టాను. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషిని భుజం పట్టుకుని నెట్టాను. ఆమె తలుపుకు తగులుకుని నిలదొక్కుకుంది. నేను వెనక్కి చూడలేదు.

నాన్న పెదవులు బిగించాడు. గ్లాసు అంచు పళ్ళకు తగిలి టకటకలాడుతోంది. తల అటూ ఇటూ తిప్పుతున్నాడు. అంత మైకంలోనూ ఆయనకు ఒకటి మాత్రం గుర్తుంది.

"దీపం పెట్టారా?"

బయట నడినెత్తికి ఎక్కబోతున్న ఎండ.

"పెట్టారు నాన్నా," అన్నాను.

నోరు తెరిచాడు. గుక్క గుక్కా మింగుతుండగానే ఆయన వేలికి సూది పొడిచాను. మిషను మీద నలభై ఆరు. అమ్మ ఆ అంకె చూసి చక్కెర డబ్బాయే ఎత్తుకొచ్చింది. ఇంకో గ్లాసు కలిపి పట్టాను.

పావుగంటకు ఆయన కళ్ళలోకి మా నాన్న తిరిగి వచ్చాడు. బల్ల చూశాడు. అడ్డంగా తెగిన ముప్పై చొక్కా ముందుభాగాలు చూశాడు. కిటికీలోంచి ఎండ చూశాడు. ఆ తర్వాత నన్ను చూశాడు. తువ్వాలు తీసుకుని ముఖం తుడుచుకున్నాడు.

ముందుగా నోరు విప్పింది నాన్నమ్మ. "లెక్క తప్పింది. మళ్ళీ మొదట్నుంచి తొమ్మిది."

అమ్మ పాడైన గుడ్డలు ఒక్కొక్కటే విప్పి చూస్తోంది. తలెత్తకుండా అంది: "అత్తయ్యా, వీటిలోంచి జేబులైనా తీయొచ్చు. మీ కొడుకు వేళ్ళు తెగితే ఏం తీస్తాం?" పెళ్ళయి పాతికేళ్ళలో ఆమె అత్తగారికి ఎదురుచెప్పడం నేను విన్నది ఆ ఒక్కసారే.

సోమవారం నాన్నను డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాను. తీసుకువెళ్ళాను అనడం మర్యాద, లాక్కువెళ్ళాను. శనివారం జరిగింది విని, డాక్టరు నాన్న మందుల పుస్తకం తిరగేసి తలపట్టుకున్నాడు.

"ఈ బిళ్ళ ఏం చేస్తుందో తెలుసా మాస్టారూ? మీరు తిన్నా తినకపోయినా లోపల షుగరును దించుతూనే ఉంటుంది. పొద్దున ఇది వేసుకుని సాయంత్రం దాకా ఏమీ తినలేదా? ఉపవాసాలున్నాయని నాకు చెప్పలేదేం?"

"మీరు అడగలేదు కదండీ," అన్నాడు నాన్న.

డాక్టరు పుస్తకం మూసి పక్కన పెట్టాడు. ఎనిమిదేళ్ళుగా నెలనెలా వెళుతున్నాం. అన్నం తగ్గించమన్నాడు, నడవమన్నాడు, స్వీట్లు మానమన్నాడు. దేవుడితో మీకేమైనా ఒప్పందాలున్నాయా అని అడగలేదు. అడగకపోతే మేమెందుకు చెబుతాం? మందుల గదిలో దేవుడి మాట ఎత్తడం మాకు సిగ్గు. దేవుడి గదిలో రోగం మాట ఎత్తడం అంతకంటే సిగ్గు.

"అసలు ఉండకపోవడమే మంచిది," అన్నాడు డాక్టరు. "ఉండే తీరతానంటే నేను చెప్పినట్టు ఉండండి. నీళ్ళు మానకూడదు, అందులోనూ ఈ ఎండల్లో. పాలు, పళ్ళు వేళకు తీసుకోవాలి. ముందురోజు సాయంత్రం బిళ్ళ సగమే. శనివారం పొద్దుటి బిళ్ళ వద్దు. ఇది మీకు మాత్రమే చెబుతున్నా, పక్కింటివాళ్ళకు చెప్పకండి; వాళ్ళ బిళ్ళలు వేరే ఉంటాయి. మూడు గంటలకోసారి వేలు పొడిచి చూసుకోండి. డెబ్బై కంటే తగ్గితే ఆ క్షణమే చక్కెర తిని, తర్వాత అన్నం తినండి. అక్కడితో ఆ రోజు ఉపవాసం అయిపోయినట్టే. మూడు వందలు దాటినా అంతే, నాకు ఫోన్ చేయండి."

"వేలు పొడిస్తే నెత్తురు..." అన్నాడు నాన్న.

"పొడిస్తే చుక్క. పొడవకపోతే మొన్న ఎంత పోయేదో మీ అమ్మాయిని అడగండి."

అక్కడినుంచి నేరుగా గుడికి నడిచాం. పూజారిగారు మధ్యాహ్నం తలుపులు మూయబోతున్నారు. నేను కడుపులో ఉన్నదంతా కక్కేశాను. ఆయన తాపీగా విని, తాళంచెవి నడుముకు దోపుకున్నారు.

"అయ్యో, మందులు వాడేవాళ్ళకు అంత కఠినం అక్కర్లేదమ్మా. నీళ్ళు, పాలు, పళ్ళు తీసుకోవచ్చు. అసలు చేతకానివాళ్ళ బదులు ఇంట్లో ఇంకెవరైనా ఉండొచ్చు. నాకూ షుగరే కదా. నేను రోజూ టిఫిను చేసి, బిళ్ళ వేసుకునే గుళ్ళోకి వస్తాను. మరి లోపల కళ్ళు తిరిగి పడితే దేవుడి మీదే పడాలి."

"మా నాన్న ప్రతి శనివారం సాయంత్రం మీ ముందే నిలబడి దణ్ణం పెడుతున్నాడు కదండీ! ముఖం పీక్కుపోయి, కాళ్ళు వణుకుతూ! ఒక్కసారైనా ఈ మాట చెప్పలేదేం?"

"మీరు అడగలేదు కదమ్మా," అన్నారు పూజారిగారు.

గుడిమెట్ల మీదికి వచ్చేశాను. ఒకే మాట. అక్కడ నాన్న డాక్టరుకు చెప్పిన మాటనే ఇక్కడ పూజారి నాకు చెప్పాడు. అడగనివాళ్ళకు, చెప్పనివాళ్ళకు నడుమ ఒక మనిషి నాలుగు వారాలు చావుకు అంగుళం దూరంలో గుడ్డ కోశాడు. ఎవరి మీద అరవాలి? నాన్న మెట్లు దిగుతూ, "చెప్పులు వేసుకో అమ్మలూ, నేల కాలుతోంది," అన్నాడు. ఆయన మీద కూడా కోపమొచ్చింది.

ఇంటికి రాగానే నాన్నమ్మను పట్టుకున్నాను.

"నా ప్రాణం కోసం మొక్కావు, సరే. నాన్న ప్రాణం ఎందుకు పెట్టావు? నీది పెట్టలేకపోయావా?"

నాన్నమ్మ దారాలు తెంపుతూనే ఉంది. నేను మళ్ళీ అడిగాను. ఇంకా గట్టిగా అడిగాను. కత్తెర పక్కన పెట్టింది.

"నా ఆకలికి ఏం విలువే? ముసల్దాన్ని. తిన్నా ఒకటే, మానినా ఒకటే. దేవుడికి ఇచ్చేది పనికిరానిదైతే ఆయన తీసుకుంటాడా? లోపల నిన్ను కోస్తున్నారు. నా దగ్గర విలువైనది ఏముందా అని వెతుక్కున్నాను. వాడు కనపడ్డాడు. వాణ్ణే ఇచ్చాను."

జవాబు దొరకని కోపం, జవాబున్న కోపం కంటే పెద్దది. ఒక మనిషి ప్రేమించి, ప్రేమించి, ఆ ప్రేమతోనే కొడుకును తాంబూలంలా పళ్ళెంలో పెట్టి ఇచ్చేసింది. ఇచ్చే ముందు అతణ్ణి అడగను కూడా లేదు.

ఐదో శనివారం నాన్న డాక్టరు చెప్పినట్టే ఉన్నాడు. ఉంటానన్నది ఆయనే. "మొక్కును అవమానించను. ప్రాణాన్నీ అవమానించను," అన్నాడు. పొద్దున పాలు, ఒక పండు. నాన్నమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది. "పాలు తాగి ఉపవాసమట. రేపు కోడిని కోసి కూడా ఉపవాసమంటారు," అంది. ఎనిమిదింటికి నూట పది. పదకొండింటికి ఎనభై రెండు. కత్తి గీత వెంట శ్రుతి తప్పకుండా నడిచింది. రెండింటికి మళ్ళీ పొడిచాను.

అరవై తొమ్మిది.

"ఒక్కటే కదరా తక్కువ," అంది నాన్నమ్మ, గోడవైపు నుంచి ఇటు తిరిగి. అంకెలు ఆమె కూడా చూస్తోందని మాకు అప్పుడే తెలిసింది. "ఒక్క అంకెకేనా? ఇంకో నాలుగు గంటలు. కాసేపు పడుకో, అదే పెరుగుతుంది."

అమ్మ మిషను ఆపింది. నాన్న తల్లిని చూశాడు. తన ఎడమచేతిని చూసుకున్నాడు.

"మొన్న కూడా ఒక్క అంగుళమేనమ్మా," అన్నాడు.

చక్కెర నోట్లో వేసుకున్నాడు. నీళ్ళు తాగాడు. పావుగంట ఆగి, అంకె చూసుకుని, వంటింటి గడప దగ్గర పీట వాల్చుకున్నాడు. "అన్నం పెట్టు," అన్నాడు అమ్మతో. పట్టపగలు, తల్లి చూస్తుండగా, ఏ అబద్ధమూ అక్కర్లేకుండా తిన్నాడు. రెండో వడ్డనకు మజ్జిగ అడిగాడు. "ఇక నేను ఉండను," అని చేయి కడుక్కుని, కత్తి తీగ గోడకు పెట్టుకున్నాడు. అంతే. ఆ మాట మా ఇంట్లో అంత చిన్నగా పడింది.

ఆ వారమంతా నాన్నమ్మ మాతో మాట్లాడలేదు. కుట్టు సాగింది. చొక్కాలు డజన్లలెక్కన మడతపడ్డాయి.

ఆరో శనివారం, బడులు తెరవడానికి తొమ్మిది రోజులు ఉందనగా, అమ్మ నా మిషను దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "మీ నాన్నమ్మ పొద్దున్నుంచి ఏమీ ముట్టలేదు. కాఫీ గ్లాసు బోర్లించే ఉంది. అడిగితే అజీర్తి అంటోంది."

షుగరు మిషను తీసుకుని వెనకగదిలోకి వెళ్ళాను. నాన్నమ్మ మంచం మీద నిటారుగా కూర్చుని ఉంది. ముందు చొక్కాల గుట్ట. పెదవులు ఎండి ఉన్నాయి. నన్ను చూసి, నేనేమీ అడగకముందే, ఎడమచేయి చాచింది. నెత్తురు మైల అన్న మనిషి.

"నాన్న మానేశాడని నువ్వు మొదలెట్టావా? ఈ వయసులో? ఈ ఎండలో? ఒకళ్ళను చంపబోయి సరిపోలేదా?"

"పొడువు," అంది.

పొడిచాను. మెల్లగా పొడవలేదు. చుక్క నల్లగా, చిన్నగా వచ్చింది. మిషను ఐదు లెక్కపెట్టేదాకా దాని మీదే కళ్ళు పెట్టాను.

తొంభై ఒకటి.

"ఎంతే?"

"తొంభై ఒకటి."

"అంటే?"

"అంటే నీకు ఏ రోగమూ లేదు. నిక్షేపంలా ఉన్నావు." పట్టీ తీసి పారేశాను. "నీళ్ళు తాగుతూ ఉంటే తొమ్మిది వారాలూ ఉండగలవు. మొదటి శనివారం నుంచీ ఉండగలిగేదానివి. నువ్వే ఉండగలిగేదానివి."

నాన్నమ్మ వేలికి ఉన్న చుక్కను చూసుకుంటూ కూర్చుంది. ఆ అంకె చెడ్డదిగా రావాలని నేను కోరుకున్నానని నాకు అప్పుడు తెలిసింది. మూడు వందలు వచ్చి ఉంటే, ఈమెకూ చేతకాకే కొడుకును ముందుకు తోసిందని క్షమించేసి ఉండేదాన్ని. తొంభై ఒకటి నాకు ఆ దారి కూడా మూసేసింది.

చెంబుతో నీళ్ళు తెచ్చి మంచం పట్టె మీద పెట్టాను. "తాగు. నీళ్ళు తాగితే చెడదని పూజారే చెప్పాడు. దీపం పెట్టేదాకా నేను వచ్చి చూస్తూనే ఉంటాను. ఏమాత్రం తేడా వచ్చినా నోట్లో చక్కెర పోస్తాను, నువ్వు తిట్టినా సరే."

చెంబు ఎత్తుకుని రెండు గుక్కలు తాగింది. కొంగుతో మూతి తుడుచుకుంది. చొక్కా ఒకటి ఒళ్ళోకి లాక్కుని, దారం వెతుకుతూ అంది:

"చూసుకోవే. నీ కోపం తగ్గేదాకా పొడుచుకో."

ఆ రోజు నాలుగుసార్లు పొడిచాను. నాలుగుసార్లూ అంకె బాగానే ఉంది. నా కోపం తగ్గలేదు.